డెబ్బై రెండో నంబరు తీగ

ఆ గిటారు మెడ మామూలు గిటారు మెడ కన్నా ఒకటిన్నర అంగుళం పొడుగు. రేవుకు వచ్చిన ఓడలో వంట చేసే ఫిలిప్పీన్స్ మనిషి ఒకడు జ్వరంతో పడిపోతే నేను నెల్లూరు ఆసుపత్రిలో చేర్పించి నాలుగు రోజులు పక్కన కూర్చున్నాను. ఓడ కదిలే ముందు దాన్ని నా చేతిలో పెట్టి పోయాడు. దాన్ని బారిటోన్ గిటారు అంటారని, అది మంద్రంలో పలకడానికే తయారైందని నాకెవడూ చెప్పలేదు. మామూలు తీగలు వేసి మామూలు శ్రుతికి లాగాను. సన్న తీగ తెగి కంటి కింద గీసింది. మళ్ళీ వేశాను, మళ్ళీ తెగింది. మూడోసారి తెగాక ఫోన్లో వెతికి తెలుసుకున్నాను. నాకు వచ్చిన ప్రతి విద్యా ఇట్లాగే వచ్చింది, ఒళ్ళు చీరుకున్నాక.

తెలుసుకుని కూడా ఏడాదిన్నర దాన్ని పక్కన పడేశాను. మా పోరాట కమిటీ పాటల జట్టుకు రెండు డప్పులు చాలు, మస్తానయ్య గొంతు చాలు.

మస్తానయ్య పాలెం మనిషి. చేపల వేట మనిషి. పడవలు దించే దారి మూసుకుపోయాక థర్మల్ ప్లాంటులో కాంట్రాక్టు కూలీ అయ్యాడు. అతని గొంతు ఎంత లోతంటే, పాడుతున్నప్పుడు పక్కన కూర్చున్నవాడికి చెవిలో కాదు, పక్కటెముకల్లో తెలిసేది. నేను గిద్యోనును, మాలపల్లె వాడిని, పాట రాసేవాడిని. రాసింది ఎంత చచ్చు పాటైనా అతను పాడితే లేచి నిలబడేది.

మా జట్టుకు హార్మోనియం లేదు. ప్లాంటు ఉంది. మొదటి యూనిట్ మూతబడి చాలా కాలమైంది, రెండో యూనిట్ ఒక్కటే తిరుగుతుంది. రాత్రీ పగలూ ఒకటే మోత. ఒకటే స్వరం. పాట ఎత్తుకునే ముందు మస్తానయ్య కుడిచెయ్యి పైకెత్తేవాడు. అందరం నోళ్ళు మూసేవాళ్ళం. అతను ఆ మోతను విని, దాన్ని గొంతులోకి తీసుకుని, అక్కడినుంచి మొదలుపెట్టేవాడు. ప్లాంటును తిట్టే పాటలకు ప్లాంటే శ్రుతి. ఒకసారి నెల్లూరులో కలెక్టరాఫీసు ముందు ధర్నాకు పోతే అక్కడ ఆ మోత లేదు. మా జట్టుకు పాట ఎత్తుకోవడం చేతకాలేదు. ఒక్కొక్కడు ఒక్కో దారి పట్టాడు. కాపలా పోలీసులు కూడా నవ్వారు. అప్పటినుంచి ఆ మోతను ఫోన్లో రికార్డు చేసుకుని వెంట తీసుకుపోయేవాళ్ళం.

పదకొండు నెలల కిందట ఆ రెండో యూనిట్ కిందే మస్తానయ్య చచ్చిపోయాడు. బాయిలరు బూడిద పడడానికి గరాటు లాంటి పెద్ద ఇనుప తొట్లు ఉంటాయి. వాటి మూతి పూడుకుపోతే మనిషి కింద నిలబడి రాడ్డుతో పొడిచి విడిపిస్తాడు. యూనిట్ ఆపి చేయాల్సిన పని అది. ఆపలేదు. నిప్పు బూడిద ఒక్కసారిగా దిగింది. మాకు అప్పజెప్పిన మూటలో మనిషి ఎంతో, బూడిద ఎంతో అతని భార్య పోలేరమ్మకు ఈనాటికీ తెలియదు. విచారణ అన్నారు. విచారణ కాగితం ఏ బల్ల కింద ఉందో కూడా తెలియదు.

ఇప్పుడు మూడో యూనిట్ పెడతామని ప్రజాభిప్రాయ సేకరణ సభ వేశారు. పన్నెండు రోజుల గడువు. కమిటీ కన్వీనరు మాల్యాద్రన్న వరి రైతు, బూడిద పడి రెండు పంటలు పోగొట్టుకున్న మనిషి. మొదట పోలేరమ్మ వదిన మాట్లాడాలని ఆయన పథకం. విచారణ తేలేదాకా రెండో యూనిట్ ఆపాలని, మూడోది రాకూడదని చచ్చినవాడి పెళ్ళామే అడగాలి. ఆ తర్వాత మస్తానయ్య పాట. చనిపోవడానికి రెండు రోజుల ముందు, పని మధ్యలో, డప్పు లేకుండా ఒక్కడే పాడి నా ఫోనుకు పంపిన పాట అది. స్పీకర్లో అతని గొంతు వినిపించాలి. సభలోకి డప్పులు తేరాదని పోలీసులు ముందే కాగితం ఇచ్చారు. గిటారు తేరాదని ఆ కాగితంలో లేదు.

అందుకని దుమ్ము దులిపి దాన్ని పోలేరమ్మ వదిన వరండాలోకి తెచ్చాను. పునరావాస కాలనీలో చివరి ఇల్లు ఆమెది. ఆ ఇంటి వెనక గోడకూ ప్లాంటు ప్రహరీకీ మధ్య ఒక ట్రాక్టరు పట్టేంత జాగా ఉంటుంది, అంతే.

తీగల లావుకు అంకెలుంటాయి. అంగుళాన్ని వెయ్యి ముక్కలు చేస్తే తీగ అందులో ఎన్ని ముక్కల లావో ఆ అంకె చెబుతుంది. మామూలు గిటారులో అన్నిటికన్నా లావు తీగ యాభై మూడు. ఫోన్లో ట్యూనర్ యాప్ పెట్టి మస్తానయ్య పాట వినిపిస్తే ముల్లు G దాటింది, G షార్ప్ చేరలేదు, మధ్యలో మూడోవంతు దగ్గర నిలబడిపోయింది. అతని గొంతు అక్కడుంటే దాన్ని కింద నుంచి మోసే తీగ ఇంకో స్థాయి కిందకు దిగాలి. యాభై మూడును అంత కిందకు వదిలితే బట్టలారేసే తాడులా ఊగింది. గిటారు మెడ మీది లోహపు మెట్లకు కొట్టుకుని గలగలలాడింది గానీ స్వరం లేదు. అరవై రెండు తెప్పించాను. మీటగానే శ్రుతి పైకి ఎగిరి తర్వాత మెల్లగా జారేది, తాగినవాడి నడకలాగా. సరే అని ఒకేసారి ఎనభై తెప్పించాను. ఇనుప చువ్వ. వేలికి లొంగలేదు, పలికిందీ లేదు, చెక్క మీద కొట్టినట్టు దబ్బుమంది.

పోలేరమ్మ వదిన పక్కనే కూర్చుని వల బాగుచేస్తోంది.

"ఏందబ్బయా ఆ తీగలతో కొట్లాట? మూడు దినాల్నుంచి చూస్తావుండా."

"లావు కుదరడం లేదు వదినా."

"ఎంత లోతుకి దించతావుండావు?"

నన్ను అంతవరకూ ఎవరూ అట్లా అడగలేదు. యూట్యూబులో గంటలు గంటలు మాట్లాడినవాళ్ళు కూడా.

"మామూలు కంటే చానా లోతుకి."

"మరి పైనీళ్ళ తాడు తెచ్చి అడుక్కి దించితే ఎట్టా? ఒడ్డునుండే పరిగెలకి ఏసే తాడు యేరు, పది బార్ల లోతులో వంజరానికి ఏసే తాడు యేరు. అట్టా అని మోకు కట్టినా పనికి రాదు. చేప కొరికింది చేతికి తెలీదు. యాదీ, ఇట్టా తే."

పొట్లాలన్నీ ఆమె ముందు పోశాను. ఇంకా విప్పనివి రెండున్నాయి, అరవై ఎనిమిది, డెబ్బై రెండు. ఒక్కొక్క తీగ కొసను కాలి బొటనవేలికి చుట్టి, రెండో కొస పంటితో పట్టి, సాగదీసి, గోటితో తట్టి చెంపకు ఆనించుకుంది. గాలం తాడు కొనేటప్పుడు పాలెం ఆడవాళ్ళు చేసే పనే అది. అంకెలు చూడలేదు. ఆమెకు చదువు రాదు.

"ఇది," అంది. డెబ్బై రెండు. "దీంట్లో కబురు చేతికి తెలస్తది."

"అరవై ఎనిమిది కూడా దాని పక్కదే గదా వదినా?"

"నీ పక్కింటోడు కూడా నీ పక్కోడే. వాడూ నువ్వూ ఒకటేనా?"

డెబ్బై రెండే తీసుకున్నాను. కింద డెబ్బై రెండు ఉంటే పైవాటిని సన్నగా వదిలేస్తే చెయ్యి తడబడుతుంది. అందుకని యాభై ఆరు, నలభై రెండు, ముప్పై రెండు, ఇరవై రెండు, పదహారు వరసగా పెట్టాను. లావు తీగ కూర్చునే గాడి ఇరుకైతే విరిగిన హెక్సా బ్లేడుతో రాకి వెడల్పు చేశాను. తీగ బిగించి, యాప్‌లో ముల్లు ఆ మూడోవంతు దగ్గరికి వచ్చేదాకా కీ తిప్పి, మీటాను. ఊగలేదు, జారలేదు. నిలబడింది. ఫోన్లో మస్తానయ్య పాట పెట్టాను.

ఎన్ని బార్లు దించినా అడుగు తగల్లేదే
ఎవురు మింగినారే ఈ నీళ్ళ అడుగు

గొంతు కిందకు తీగ వెళ్ళి నిలిచింది. వదిన చేతిలో అల్లికర్ర ఆగిపోయింది. వల పక్కన పెట్టి లోపలికి పోయింది.

మా ఇంట్లో పైకప్పు కారుతుంది, అందుకని గిటారును ఆమె ముందు గదిలోనే, వెనక గోడకున్న వల మేకుకు తగిలించి వచ్చాను.

మర్నాడు పదకొండు గంటలప్పుడు వెళ్ళేసరికి ఆమె గడపలో నిలబడి ఉంది. వంట చేయలేదు. తల దువ్వుకోలేదు.

"నువ్వేమన్నా ఆడ పెట్టిపోయినావా?"

"ఏం పెట్టాను వదినా?"

"అది మాట్లాడతావుంది."

లోపలికి వెళ్ళాను. గిటారు మేకుకు వేలాడుతోంది. దాన్ని ఎవరూ తాకలేదు. లావు తీగ మోగుతోంది. మీటితే వచ్చే దెబ్బ లేదు, మొదలు లేదు, తుది లేదు. నోరు మూసుకుని ఎవరో కూనిరాగం తీస్తున్నట్టు. తీగ అంచులు కంటికి ఆనడం లేదు, మసకగా ఉంది. దాని మీద పడిన బూడిద నలుసులు చిన్నచిన్నగా ఎగురుతున్నాయి. మిగతా ఐదు తీగలూ ఉలకడం లేదు.

దయ్యాలూ దేవుళ్ళూ లేవని స్టేజీలెక్కి చెప్పేవాడిని నేను. అయినా ఒక అడుగు గడప వైపు వెనక్కి వేశాను.

"గాలిలే వదినా," అన్నాను.

"తలుపులేసే ఉండాయి. గాలి యాడుంది?" ఆమె గొంతు తగ్గించింది. "రేత్రి పండుకుంటే ఈపు కిందికి తెలస్తావుంది. ఆయన పక్కన పండుకోని పాట లోపల్లోపల అనుకునేవోడు చూడు, అట్టా. నాకు తెలీదా ఆ మోత? పద్దెనిమిదేళ్ళు ఇన్నా."

నాకు అసలు సంగతి రెండు నిమిషాల్లో తట్టింది. టర్బైను సెకనుకు యాభై చుట్లు తిరుగుతుంది. నేను తీగను బిగించింది సెకనుకు యాభై ఊపులకు. మస్తానయ్య పాడింది ఆ మోత పట్టుకునే, నేను తీగను పట్టించింది మస్తానయ్య గొంతుకే. ఒకే స్వరం, మూడు చోట్ల. నేల వణుకుతుంది, గోడ వణుకుతుంది, మేకు వణుకుతుంది, తీగ అందుకుంటుంది. తెలిసింది. చెప్పలేదు. ఆమె మొహం చూసి చెప్పలేకపోయాను. పదకొండు నెలల్లో మొదటిసారి ఆ మొహంలో మనిషి కనిపించింది.

ఆ వారం ఆమె మారిపోయింది. వలను గది లోపలికి తెచ్చుకుని గిటారు కింద కూర్చుని అల్లేది. కూరలో ఉప్పెక్కువైందని తీగతో చెప్పేది. నేను వెళ్తే "మీ అన్న ఇయ్యాల దిగాలుగా ఉండాడు" అనేది. సముద్రపు తేమకు తీగ కాస్త జారిన రోజే అట్లా అనేది. నేను గమ్మున కీ ఒక పిసరు తిప్పేవాడిని. మోత తేటపడేది. ఆమె నవ్వేది. అది ఏ మోతో తెలిసినవాడిని, దాన్ని నిలబెడుతున్నదీ నేనే.

సభకు నాలుగు రోజుల ముందు మాల్యాద్రన్న వచ్చి మాటలు మరోసారి చెప్పించాడు. ఆమె అన్నీ చెప్పింది. బూడిద గురించి, మూట గురించి, విచారణ గురించి, మూడో యూనిట్ వద్దని కూడా. ఒక్క మాట వదిలేసింది.

"రెండో యూనిట్ ఆపాలని అనమ్మా," అన్నాడాయన.

"మిగతాయన్నీ చెప్తా గదన్నా."

"అసలు మాట అదే గదా పోలేరమ్మా! కొత్తది వొద్దంటే వాళ్ళకి లెక్కలేదు. తిరిగేదాన్ని ఆపమంటేనే ఒణుకు. మొన్నటిదాకా గొంతు చించుకొని అన్నావే?"

"ఇప్పుడు అన్ను."

మాల్యాద్రన్న నన్ను బయటికి లాక్కెళ్ళాడు. "ఏందిరా ఇది? కాంట్రాక్టరు మనుషులేమన్నా వొచ్చిపోయినారా? ఈమె నోరెవురన్నా కట్టేసినారా?"

"కట్టేసింది నేనే అన్నా," అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. చెప్పే ఓపిక నాకు లేదు.

మర్నాడు మధ్యాహ్నం ఏదో లోపం వచ్చి యూనిట్ దానంతటదే ఆగిపోయింది. పాలెంలో అందరూ ఒక్క క్షణం తలెత్తి చూశారు. మోత ఆగితే మాకు చెవుడు వచ్చినట్టుంటుంది. నేను అన్నం ముందు కూర్చుని ఉన్నాను. పోలేరమ్మ వదిన చెప్పుల్లేకుండా మాలపల్లె దాకా పరిగెత్తుకొచ్చింది.

"అబ్బయా, పలకడం లా. పొయినాడు. ఏం జేసినావు? నువ్వేమన్నా జేసినావా?"

ఆమెతో వెళ్ళాను. తీగ ఇనుములాగా నిలబడి ఉంది. ఆమె దాని ముందు నేల మీద కూర్చుని రెండు చేతులతో గోడను పట్టుకుంది. శవాన్ని తెచ్చిన రోజు కూడా నేను ఆమెను అట్లా చూడలేదు. సాయంత్రం నాలుగింటికి ప్లాంటులో ఆవిరి వదిలిన కేక వినబడింది. మోత కింద నుంచి మెల్లగా పైకి లేచి, తన స్వరం దగ్గరికి వచ్చి నిలిచింది. తీగ మీద బూడిద కదిలింది.

"తిరగతావుంది," అంది ఆమె, కళ్ళు తుడుచుకుంటూ. "నాయనా, ఆగబాకు. తిరగతానే ఉండు."

ఎవరిని తిరగమని మొక్కుతోందో చూశాను. ఆమె మొగుణ్ణి కాల్చిన మిషనును.

ఇంక ఆగకూడదనుకున్నాను. సభకు ముందురోజు పొద్దున్నే వెళ్ళి గిటారు కిందకు దించకుండానే మొత్తం చెప్పాను. టర్బైను, యాభై చుట్లు, గోడ, మేకు. ఆమె అల్లిక ఆపకుండా విన్నది. నమ్మిందో లేదో తెలియలేదు. నాకు కోపం వచ్చింది. లావు తీగ కీ పట్టుకుని ఒక అర చుట్టు వదిలాను. మోత టక్కున ఆగిపోయింది. మళ్ళీ బిగించాను. లేచింది. వదిలాను, ఆగింది. బిగించాను, లేచింది.

"చూసినావా వదినా? కీ తిప్పితే వొస్తాడు, కీ తిప్పితే పోతాడు. మనిషైతే ఇట్టా ఉంటాడా?"

ఆమె వల వదిలేసి నా చేతి వైపు చూసింది.

"బతికుండంగ కూడా అంతే గదరా," అంది. "షిఫ్టు కూత ఏసినప్పుడు పొయినాడు, కూత ఏసినప్పుడు వొచ్చినాడు. ఎన్నిసార్లో అన్నం కాడ కూచోనుంటే ఫోన్ జేసినారు, చెయ్యి కడుక్కోని పొయినాడు. ఆయన యానాడు ఆయన ఇష్టంగా వొచ్చినాడు, పొయినాడు?"

నేను కీ మీద నుంచి చెయ్యి తీశాను.

"నువ్వు జెప్పింది నాకర్తమైంది. అది మిషను మోతే. కాదంటానా? ఆయన దాంట్లోనే ఉండాడంటున్నా. మూటలో ఉండింది ఆయన కాదు. సగం కూడా కాదు. మిగతాది ఆడే ఉండాది, ఆ తొట్టి కింద." ఆమె లేచి నిలబడింది. మొహం మారిపోయింది. నాకు భయం వేసింది. "నేనెంత బుద్ధిలేనిదాన్నబ్బయా. నా కోసరం వస్తావుండాడనుకున్నా. ఆగకుండా తిరిగితే సంతోషపడతావుండా. వాళ్ళు ఆయన్ని ఇంకా దించలా. చచ్చినాక కూడా డూటీ చేపిస్తావుండారు."

సభ ప్లాంటు దగ్గరి స్కూలు మైదానంలో జరిగింది. షామియానా, ఫ్యాన్లు, బారికేడ్లు, చుట్టూ ఖాకీ. మొదట పిలిచింది పోలేరమ్మనే. మైకు ఆమె ఎత్తుకు వంచారు. మాల్యాద్రన్న నేర్పిన మాటలు ఆమె ఒక్కటీ చెప్పలేదు.

"అయ్యా, నా మొగుడు పదకొండు నెలల కిందట పొద్దున షిఫ్టుకి లోపలికి పొయినాడు. ఇంకా బయటికి రాలా. మీ మిషను తిరిగినంతకాలం ఆయన్ని దించరు. ఆ మిషను ఆపండి. ఆ తొట్టి తలుపు తియ్యండి. నేను లోపలికి పొయ్యి ఆయన్ని పిల్చుకోని ఇంటికి పోతా. నాకు ఇంకేం వొద్దు."

ముందు వరసలో కోట్లు వేసుకుని కూర్చున్న కంపెనీవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఒకడు నవ్వాపుకున్నాడు. ఒక అధికారి తల వంచి రాసుకుంటూ, "భర్త మృతదేహం అప్పగించారు గదమ్మా," అన్నాడు.

"అప్పగించలా," అంది ఆమె. అంతే, దిగిపోయింది.

నేను పాట పెట్టి గిటారు వాయించాను. వెనక వరసల్లో కాంట్రాక్టు కూలీలు నిలబడి ఉన్నారు. ఎవడూ పెదవి కదపలేదు. నా వైపు కాదు, ప్లాంటు వైపు చూస్తున్నారు. సభ మినిట్స్ కాగితంలో తర్వాత చూశాను: వితంతువు మానసికంగా కలత చెంది ఉన్నారు, ఆమె విన్నపం నమోదు చేయబడినది.

ఆమె విన్నపానికి జవాబుతో రెండు రోజులు ఎవరూ రాలేదు. మూడో రోజు మధ్యాహ్నం ఒంటిగంటకు ఆమె నా ఇంటి ముందు గిటారు చంకలో పెట్టుకుని నిలబడింది.

"పద. గేటు కాడికి."

"నేనెందుకు వదినా?"

"ఎండకి తీగ జారిపోతది. తిప్పేదానికి నువ్వుండాల."

గేటు పక్కన సెక్యూరిటీ వాళ్ళ సిమెంటు గది ఉంటుంది. దాని గోడకు గిటారును ఆనించి ఆమె పక్కన కూర్చుంది. నేను కీ సర్దాను. ఇంటి దగ్గర కూనిరాగంలా ఉన్నది ఇక్కడ నిండు గొంతు అయింది. రోడ్డు అవతలికి వినబడుతోంది. సెక్యూరిటీ కుర్రవాళ్ళు లేపడానికి వచ్చి, ఎవరూ తాకని తీగను చూసి, నాలుగడుగులు వెనక్కి వేశారు.

రెండు గంటల షిఫ్టుకు కూలీలు రావడం మొదలైంది. సైకిళ్ళు, ఆటోలు, మెడలో కార్డులు. ముందు వచ్చినవాడు కృపాదానం. మస్తానయ్యతో పాటు ఆ తొట్ల కింద పనిచేసిన ముసలివాడు. ఆగి విన్నాడు.

"ఎవురు వాయిస్తావుండారు?"

"ఎవురూ లేరు కృపాదానన్నా," అంది పోలేరమ్మ. "నీ జోడుగాడే. ఇన్నావు గదా రోజూ, గుర్తు పట్టలేదా? ఆయన లోపలుంటే నువ్వు పక్కన నిలబడి రాడ్డు పొడస్తావుండావు. ఆయన్ని వొదిలేసి సాయంత్రం ఇంటికి పోతావుండావు. ఎట్టా పోబుద్ధేస్తదన్నా నీకు?"

అది తిట్టు కాదు. నిజంగానే అడిగింది. కృపాదానం మోకాళ్ళ మీద వంగి తీగ దగ్గర చెవి పెట్టాడు. నేను ఆయనకు టర్బైను సంగతి చెప్పబోయి ఆగాను. ఆయన ఇరవై ఏళ్ళు ప్లాంటులో పనిచేసినవాడు, నాకన్నా బాగా తెలిసే ఉంటుంది. ఆయన లేచి మెడలో కార్డు తీసి జేబులో పెట్టుకున్నాడు. గోడ నీడలో కూర్చున్నాడు.

వెనక వచ్చినవాళ్ళు ఏమిటని అడిగారు. ఆయన తీగ చూపించాడు. వాళ్ళూ కూర్చున్నారు. నినాదం లేదు, జెండా లేదు. నా జీవితంలో ఎన్ని సమ్మెలకు గొంతు చించుకున్నానో, పదిమంది నిలవలేదు. అక్కడ రెండు వందల మంది ఒక తీగ చుట్టూ ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. మాల్యాద్రన్న వచ్చి చూసి నా చెవిలో, "ఇదేం యవ్వారంరా, దయ్యం పేరుతో సమ్మెనా?" అన్నాడు. ఆయన వెళ్ళి నీళ్ళ క్యాన్లు తెచ్చాడు.

ఆ షిఫ్టు లోపలికి పోలేదు. తర్వాతి షిఫ్టూ పోలేదు. కాంట్రాక్టరు తిట్టాడు, బతిమాలాడు, గేట్ పాసులు రద్దు చేస్తానన్నాడు. లోపల తొట్లు నిండుతున్నాయి, పొడిచేవాడు లేడు. నేను గంటకోసారి కీ సర్దుతూనే ఉన్నాను. తెల్లారింది. తొమ్మిదిన్నరకు ఆవిరి కేక వినబడింది.

యూనిట్ ఆపుతున్నారు.

మిషను వేగం తగ్గడం మొదలవగానే దానికీ తీగకూ పొత్తు పోతుంది. లెక్క ప్రకారం తీగే ముందు ఆగాలి. మోత కిందకు జారిపోయింది. గోడ వణుకు తగ్గింది. మోత పూర్తిగా పోయింది. ఎన్నేళ్ళ తర్వాతో, గేటు దగ్గర కూర్చుని సముద్రం విన్నాం.

తీగ ఆగలేదు. నా రెండు చేతులూ నా ఒడిలోనే ఉన్నాయి. గాలి మీటిందేమో, ఎండకు చెక్క కదిలిందేమో, నాకు తెలియదు. కృపాదానం శిలువ గుర్తు వేసుకున్నాడు. పోలేరమ్మ వదిన చెయ్యి చాచి, వల దారం ఎటు లాగుతుందో చూసినట్టు, తీగ మీద ఒక్క వేలు పెట్టింది. అది ఆగింది.

యూనిట్ ఎన్నాళ్ళు ఆగింది, విచారణ ఏమైంది, ఎంతమంది గేట్ పాసులు పోయాయి అనేది వేరే కొట్లాట. ఇంకా నడుస్తోంది.

ఆమె లేచి చీర దులుపుకుంది. గేటు వైపు తిరిగి ఎవరో చెప్పులు వేసుకునేదాకా ఆగినట్టు కాసేపు నిలబడింది. తర్వాత ఇంటి దారి పట్టింది. నేను గిటారు భుజానేసుకుని ఆమె పక్కకు చేరాను.

"కొంచెం ఎడంగా నడువబ్బయా," అంది.

మా మధ్య ఒక మనిషి నడిచేంత చోటు వదిలి, నేను రోడ్డు దిగి మట్టిలో నడిచాను.